‘ఏమీ లేదు’ అని రాసే ముందు

అమ్మణ్ణీ,

నిజమనేది వెతికితే దొరుకుతుందా, లేక దొరికేవాళ్లకు దానంతట అదే ఎదురొస్తుందా అని అడిగినావు. పెద్ద ప్రశ్నే. అయితే నీ గొంతులో ఉక్రోషమంతా నీతోపాటు పరిశోధన చేస్తున్న ఆ అబ్బాయి మీద అని నాకు తెలిసిపోయింది. నువ్వేమో ఎండనక వాననక పుత్తూరు, కార్వేటినగరం పక్క పల్లెలన్నీ తిరిగినావు. చెప్పుకోదగ్గ శాసనం ఒక్కటీ కంటబడలేదు. వాడు శ్రీకాళహస్తి దగ్గర ఎవరిదో పెళ్లికి పోతా ఉంటే బండి పంక్చరైందంట, ఆగినచోట పశువుల తొట్టి పక్కన అక్షరాల రాయి కనబడిందంట. ‘ఏడాదిగా వెతికిన నాకు లేదు, పంక్చరైన వాడికి దొరికింది, ఇదేం న్యాయం తాతా’ అన్నావు.

న్యాయం సంగతి పక్కన పెట్టు. ఆ పెళ్లికి పోయినవాళ్లంతా ఆ దోవనే పోయినారు గదా. తొట్టి దగ్గర ఆగి కాళ్లు కడుక్కున్నవాళ్లు కూడా ఉంటారు. రాయి అందరికీ ఎదురొచ్చింది, అక్షరాలు వాడి కంట్లోనే పడినాయి. వాడి కన్ను అక్షరాలకు అలవాటు పడి ఉంది కాబట్టి. నీ కన్నూ అలవాటు పడే ఉంది. మరి నీకెందుకు పడలేదనే దానికి నా దగ్గర ఒక అనుమానం ఉంది, అది చివర చెబుతాను. ముందు మన కొండ మీద జరిగిన ఒక కథ విను. నీకు తెలిసిన కథే, కానీ నీకు తెలిసింది సగమే.

తిరుమలలో దర్శనమై విమాన ప్రదక్షిణంలోకి వచ్చినాక హుండీ వైపు పోతాం గదా. ఆ దగ్గర్లోనే ఒక చిన్న రాతి గది ఉంది. తాళ్లపాకం అర అంటారు, సంకీర్తన భాండారం అంటారు. వాకిటికి అటూ ఇటూ రెండు రాతి బొమ్మలు. అన్నమాచార్యులదీ, ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులదీ అని పెద్దలు చెబుతారు. హుండీ దగ్గర జనానికి ఒక చెయ్యి జేబులో, ఒక చెయ్యి పిల్లల మీద. వెనకనుంచి ‘జరగండి, జరగండి’ అని తోపు. రోజుకు వేలమంది ఆ గదికి అడుగుల దూరంలో పోతా ఉంటారు. దాన్ని గుర్తుపట్టి ఒక్క నిమిషం నిలబడేవాళ్లు ఎంతమందో నువ్వే ఒకరోజు చూడు.

ఆ గదిలో రెండువేలకు పైగా రాగిరేకులు నాలుగు వందల ఏళ్ల దాకా పడి ఉన్నాయి. అన్నమయ్యవీ, ఆయన కొడుకువీ, మనవడివీ పాటలు. పెద తిరుమలాచార్యులు పూనుకొని చెక్కించినవే జాస్తి. 1922లో అవి బయటపడినాయని మీ పాఠంలో ఉంది. ఊళ్లో ఈ కథను చెప్పుకునే తీరు వింటే అచ్చం నీ స్నేహితుడి పంక్చర్ కథ మాదిరే ఉంటుంది. మూసిపెట్టిన గది, ఎవరో తలుపు తీసినారు, లోపల రాగి మిలమిలలాడింది, తెలుగుజాతికి అన్నమయ్య దొరికినాడు! (అన్నేళ్ల రాగి మిలమిలలాడదు, నల్లబడి చిలుము పట్టి ఉంటుంది. కథలు చెప్పేవాళ్లకు ఆ బాధ లేదు.)

ఇప్పుడు నీకు తెలియని సగం. 1922కు వందేళ్ల ముందే ఆ రేకుల్ని ఒకాయన పరీక్ష చేయించినాడు. పేరు ఎ.డి. క్యాంబెల్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, తెలుగు బాగా నేర్చినవాడు, మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ బోర్డులో పనిచేసినవాడు. 1816లో తొలిసారి అచ్చయిన తెలుగు వ్యాకరణం ఆయనదే. దాని ఉపోద్ఘాతంలో ఆయన ఈ సంగతి చెబుతాడు. తిరుపతి గుడిలో వేలకొద్దీ రాగిరేకులున్నాయని విన్నాడు. వాటిలో తెలుగు పాతచరిత్రకు పనికొచ్చే సమాచారం ఏదైనా ఉంటుందని ఆశపడినాడు. ఒక మనిషిని పంపి వాటిని పరిశీలింపజేసినాడు. తేలిందేమిటంటే, ఒక్క లక్షణగ్రంథం తప్పిస్తే మిగిలిన రాశి అంతా దేవుణ్ణి పొగిడే పాటలే. అంతే. నిరాశపడి ఆ సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో ముగించి తన వ్యాకరణంలోకి పోయినాడు.

అమ్మణ్ణీ, ఈ సంగతి నేను మొదటిసారి తెలుసుకున్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవడు చూసినాడో చూడు. గుడి నౌకరు చూసి వదిలేస్తే ఒక మాట. తెలుగు వ్యాకరణం రాస్తున్నవాడు, తెలుగు ఎట్ల పుట్టింది, ఎట్ల పెరిగింది అని రాత్రింబగళ్లు ఆలోచిస్తున్నవాడు వదిలేసినాడు. ఆ రేకుల్లో ఉన్నదేమిటి? పదిహేనో శతాబ్దంలో ఆడవాళ్లు దంచేటప్పుడు, పసిబిడ్డను ఊపేటప్పుడు, జాజర ఆడేటప్పుడు, గొబ్బి తట్టేటప్పుడు పలికిన మాట. కావ్యాల్లోకి రాని మాట. తగవులాడే మాట, బేరమాడే మాట, సామెత, తిట్టు, ముద్దు. తెలుగు పాతచరిత్ర కావాలని పోయినవాడికి తెలుగే గుట్టగా పోసి కనబడింది. ఆయన లెక్కలో చరిత్ర అంటే బహుశా రాజులు, తేదీలు, వంశావళులు. పాట ఆ లెక్కలోకి రాలేదు.

ఆయన్ను తప్పుపట్టడానికి ఇది చెప్పడంలేదు. క్యాంబెల్ నిజాయితీ గలవాడు. తనకు పనికిరాకపోయినా, రేకులు వేలల్లో ఉన్నాయనీ వాటిలో పాటలున్నాయనీ కాగితం మీద పెట్టినాడు. ఆ మాట పెట్టకపోయి ఉంటే, 1922కు ముందు ఈ రేకుల సంగతి బయటివాళ్లెవరికీ తెలియదనే మనం ఈరోజుకూ అనుకుంటూ ఉండేవాళ్లం. ఇది గుర్తుపెట్టుకో, నీకు పనికొస్తుంది. ఏమీ దొరకలేదని రాసేటప్పుడు కూడా కనబడింది ఏమిటో రాసినాడు ఆయన.

ఇంక అదృష్టం మాట. అదృష్టం తక్కువై నిజం దొరకలేదని నువ్వు అంటావు గదా, కొండెక్కే దోవనే తీసుకో. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడినప్పటి నుంచి ఎంత జనం బస్సుల్లో, కార్లలో ఎక్కినారో. ఆ దోవ పక్కన కొండకోతలో కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నచోటు ఉంది. రెంటి నడుమ కోట్ల ఏళ్ల కాలం మాయమైపోయింది. దాదాపు 80 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని బోర్డు కూడా పెట్టినారు. పోయేవాళ్లు గోవిందా అంటారు, వాంతి వస్తే కిటికీ తీస్తారు. ఎదురుపడటం అందరికీ సమానంగానే జరుగుతా ఉంది.

కాబట్టి తటస్థపడటం మీద నాకు పెద్ద గౌరవం లేదు. అట్లని వెతకడం మీద కూడా నువ్వనుకున్నంత గౌరవం లేదు. క్యాంబెల్ వెతికినవాడే గదా.

1922 తరువాత ఏం జరిగిందో అక్కడికి రా. నా మనసంతా ఉండేది అక్కడ. తలుపు తెరవడం ఒక పూట పని. తెరిచినాక? రేకులు వాటంతట అవి నోరు తెరవవు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి అని దేవస్థానం శాసనాల పరిశోధకుడు ఒకాయన ఉండేవాడు. గుడి గోడల మీద, రాళ్ల మీద ఉన్న వెయ్యికి పైగా శాసనాల్ని నకలు తీసి, చదివి, 1930లో నివేదిక అచ్చువేసినాడు. అన్నమయ్య ఇంటివాళ్లయిన తాళ్లపాకవాళ్లు ఎవరు, ఏ రాజు కాలంలో ఏ దానం చేసినారు అనేది గోడ మీది శాసనాలూ గదిలోని రేకులూ కలిపి చదివితే గాని తెలియదు. ఆ కలపడం ఆయన లాంటివాళ్ల పని. గోడ ఎప్పుడూ బయటే ఉంది, ఏ తలుపూ తీయక్కరలేదు. చదివేవాడు రావడానికే అంతకాలం పట్టింది.

ఒక చిన్న లెక్క చూడు. అన్నమయ్య 1408లో పుట్టినాడని బడిపిల్లలు కూడా చెబుతారు. ఈ 1408 ఎక్కడినుంచి వచ్చింది? ఏ రేకు మీదా పుట్టిన ఏడు రాసిలేదు. శకం 1346 క్రోధి సంవత్సరంలో, ఆయనకు పదహారో ఏట, స్వామి ప్రత్యక్షమై పాడటం మొదలుపెట్టినాడని ఒక రేకు మొదట్లో ఉంది. శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా పాడినాడని కూడా ఉంది. ఆ క్రోధి అంటే క్రీస్తుశకం 1424. పదహారు తీసెయ్యి. 1408. ఆ దుందుభి ఫాల్గుణం 1503లో పడుతుంది. ఐదో తరగతి తీసివేత ఇది. కానీ ఆ తీసివేత చేయాలంటే చిలుము పట్టిన రేకును శుభ్రం చేసి, పాత లిపిని కూడబలుక్కొని, పాటల మధ్య ఈ నాలుగు ముక్కలకు విలువ కట్టగలిగినవాడు కావాలి. పాతచరిత్ర కోసం రేకుల్ని పరీక్ష చేయించిన క్యాంబెల్‌కు తేదీలు కూడా ఆ రాశిలోనే ఉన్నాయి. పాటలే అని పక్కన పెట్టేసినాక తేదీ మాత్రం ఎట్ల కనబడుతుంది?

తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రాల నడుమ ఏళ్లు గడిపినవాడు. 1939లో మొదలైన శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థకు ఆయన తిరుపతి వచ్చినాడు. అప్పటికి ఆయనకు యాభై దాటింది. మనమైతే పెన్షన్ లెక్కలు వేసుకునే వయసు. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రను పరిష్కరించి, పెద్ద పీఠికతో 1949లో వెలువరించినాడు. మరుసటి ఏడు, 1950లో, పోయినాడు. ఈరోజు సినిమాలో, హరికథలో, బడిపాఠంలో అన్నమయ్య బతుకు గురించి మనం వినే కథకు వేరు ఆ ద్విపదలోనే ఉంది.

పాటలు కాగితం మీదికి వచ్చినాయి, సరే. పాడేదెట్ల? రేకు మీద పాటకు పైన రాగం పేరు ఉంటుంది. స్వరం ఉండదు. ఆ పేర్లలో కొండమలహరి, అమరసింధు లాంటివి కొన్ని కచేరీల్లో ఎప్పుడో మాసిపోయినాయి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి విరమించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతి వచ్చి ఆ పాటలకు స్వరాలు కట్టినాడు. రాయలసీమవాడు, సంగీతమూ సాహిత్యమూ రెండూ చేతిలో ఉన్నవాడు. ఆయన కట్టినవి అన్నమయ్య పాడిన వరుసలు కావు. అన్నమయ్య వరుస పోయింది, ఏ గది తలుపు తీసినా అది రాదు. ఎంత వెతికినా దక్కని భాగం ఒకటి ఉంటుందని కూడా నువ్వు తెలుసుకోవాలి. ఆయన పాడినవి 32,000 అని చెప్పుకుంటాం, చేతికందినవి సగం కూడా లేవు.

తరువాత అన్నమాచార్య ప్రాజెక్టు వచ్చింది, 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డులు వచ్చినాయి, మీ అమ్మ గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ పాటలు వింటూ వంట చేసింది. 1922 నుంచి లెక్కపెట్టు. గది తెరిచిన పూటకూ, ఆ పాట మన వంటింట్లోకి వచ్చిన పూటకూ మధ్య యాభై ఏళ్లకు పైగా ఉంది. నువ్వు అడిగిన రెండూ, వెతకడమైనా తటస్థపడటమైనా, ఆ మొదటి పూటకు సంబంధించినవే. ఆ యాభై ఏళ్లనూ ఏమంటావు? దాని గురించి ఎవరూ అడగరు, అందులో కథ లేదు గనక. నా మాట వింటే, నిజం దొరకడమంటే ఆ యాభై ఏళ్లే.

శెనక్కాయలు పీకేసిన చేలో, యజమాని ‘ఇంకేం లేదు’ అని పోయినాక ఆడవాళ్లు వచ్చి మట్టి కెలికి కొంగు నింపుకొని పోతారు చూసినావా, అట్లాంటివాళ్లు వీళ్లంతా. వాళ్లు వెతుకుతున్నారా, వాళ్లకు తగులుతున్నాయా? అడిగితే నవ్వుతారు. వంగి ఉన్నారు, అంతే.

నీ ప్రశ్నకు ఇంకో జవాబు కూడా పాత చిత్తూరు జిల్లాలోనే పుట్టింది. నువ్వు తప్పకుండా దాన్ని నా మీదికి తెస్తావు కాబట్టి నేనే ముందు చెబుతాను. 1895లో మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య అనే రెవెన్యూ ఉద్యోగి ఇంట కృష్ణమూర్తి పుట్టినాడు. తండ్రి దివ్యజ్ఞాన సమాజం మనిషి. ఉద్యోగం అయిపోయినాక 1909లో పిల్లలతో మద్రాసు అడయారు చేరినాడు. ఆ సమాజం పెద్దలు అప్పట్లో రాబోయే జగద్గురువు కోసం ఎదురుచూస్తా ఉన్నారు. ఒడ్డున ఆడుకుంటున్న ఈ బక్కపిల్లవాడు వాళ్లలో ఒకడైన లెడ్‌బీటర్ కంటబడినాడు. బడిలో అయ్యవారు మొద్దు అని కొట్టే పిల్లవాడు. ఆయన మాత్రం ‘ఇతనే’ అన్నాడు. 1911లో వాడి కోసం ఒక సంఘమే పెట్టినారు. ఇరవై ఏళ్లు పెంచినారు, ప్రపంచమంతా తిప్పినారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది భక్తుల ముందు, ఆ కుర్రవాడు లేచి సంఘాన్ని రద్దు చేసినాడు. సత్యానికి దోవ లేదు, ఏ గురువు వెంట పోయినా ఏ మతం వెంట పోయినా అది అందదు అన్నాడు.

దీన్ని పట్టుకొని ‘చూడు, వెతకొద్దన్నాడు గదా’ అంటారు చాలామంది. అట్లన్న మనిషి ఆ తరువాత 1986లో పోయేదాకా ఊరూరా తిరిగి ప్రశ్నలు వేస్తానే ఉన్నాడు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి చూసినావు గదా, పిల్లల్ని చూడమని, వినమని చెప్పే చోటు. చేతులు ముడుచుకొని కూర్చున్నవాడి వాలకం కాదది. ఆయన వద్దన్నది ముందే విలాసం రాసిపెట్టుకొని బయలుదేరే వెతుకులాటను అని నేను అర్థం చేసుకున్నాను. మీ ప్రొఫెసర్లు ఇంకోరకంగా చెప్పొచ్చు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టు. కొండ మీద వెతికినవాడికి ఎదురుగా ఉన్నది కనబడలేదు. అడయారులో వెతికినవాళ్లకు తాము కోరినది ఒక పిల్లవాడిలో కనబడింది, అది తనలో లేదని ఆ పిల్లవాడే పెద్దయి చెప్పాల్సివచ్చింది. రెండుచోట్లా చదువుకున్నవాళ్లే, రెండుచోట్లా శ్రద్ధగానే వెతికినారు. తేడా ఏమిటంటే క్యాంబెల్ తనకు దొరకలేదని ఒప్పుకున్నాడు, వీళ్లు దొరికిందని పండగ చేసుకున్నారు. నన్నడిగితే క్యాంబెల్ రకం పొరపాటు మేలు. దాన్ని వెనకొచ్చేవాళ్లు దిద్దుకోవచ్చు. రెండో రకం పొరపాటులో ఒక పసివాడి బాల్యం పోయింది.

ఈ రెండో రకం ఇప్పుడు జాస్తి అయింది. 2021 శ్రీరామనవమి నాడు హనుమంతుడు పుట్టింది తిరుమల అంజనాద్రిలోనే అని దేవస్థానం ప్రకటించింది. హంపి దగ్గర అంజనాద్రి వాళ్లు ఒప్పుకోలేదు. భక్తి సంగతిలో నేను నోరు పెట్టను, హనుమంతుడు ఎక్కడ పుట్టినా నాకు దండం పెట్టుకునేందుకు అభ్యంతరం లేదు. పరిశోధన సంగతిలో మాత్రం ఒక మాట. మా ఊరు గెలవాలని కూర్చున్నవాడికి ఏ పుస్తకం తెరిచినా తన ఊరే కనబడుతుంది, వాడు ఏ రాష్ట్రంవాడైనా సరే. వాట్సాప్‌లో మీ మామ రోజూ పంపేవి కూడా ఆ బాపతే. ఆయన రోజూ వెతుకుతానే ఉన్నాడు పాపం. తను ముందే నమ్మినదానికి కొత్త సాక్ష్యం.

సరే, చెబుతానన్న అనుమానం దగ్గరికి వచ్చినాను. కోపం తెచ్చుకోవద్దు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ నోటుపుస్తకం ఇక్కడే వదిలిపెట్టి పోయినావు. తిరిగి పంపే ముందు తిరగేసినాను. రాత ముద్దుగా ఉంది, తేదీలు, ఊళ్ల పేర్లు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఊరి పేరుకు ఎదురుగా చాలాచోట్ల ఒకటే మాట: ‘ఏమీ లేదు’. కొన్నిచోట్ల మాత్రం దాని పక్కన చిన్న అక్షరాల్లో కారణం కూడా రాసుకున్నావు. ఒకచోట ‘గుడి మెట్టు మీద తమిళం, మన విషయం కాదు’. ఇంకోచోట ‘చెరువు కట్ట మీద బొమ్మరాయి, అక్షరాలు లేవు’. మరోచోట ‘సున్నం కొట్టినారు, చదవడానికి రాదు’.

నా తల్లీ, నీ విషయం తెలుగు శాసనాలని నాకు తెలుసు. కానీ ఇది ఏ సీమ? వేంగడం కొండ, అంటే మన తిరుమల కొండ, తమిళానికి ఎల్ల అని తమిళుల పాత పుస్తకాలు చెప్పే చోటు. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళమే. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సామవై అనే పల్లవ రాణి ఇచ్చిందని మనకు చెప్పింది తమిళ శాసనమే, దానికి 966 అని కాలం కట్టినారు. ఈ సీమలో తెలుగు ఎట్ల నిలబడిందో తెలియాలంటే దాని పక్కన ఏది నిలబడి ఉందో చూడొద్దా? ఆ మెట్టు మీద తమిళంలో ఒక తెలుగు ఊరి పేరు ఉండొచ్చు, ఒక తెలుగు మనిషి ఇచ్చిన మేకల లెక్క ఉండొచ్చు. చదవకుండా కొట్టేసినావు.

బొమ్మరాయి సంగతీ అంతే. పుంగనూరు, మదనపల్లె వైపంతా వీరగల్లులే, పోరులో పడినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలవాళ్లు కొట్టుకున్న కాలంవి. పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిన మామూలు మనుషుల రాళ్లు కూడా వాటిలో ఉన్నాయి. అక్షరం ఉన్నది కొన్నింటి మీదనే. అక్షరం లేని రాయి కూడా ఎక్కడ నిలబెట్టినారు, ఏ వైపు చూస్తా ఉంది, చేతిలో ఏముంది అని చెబుతుంది. పైగా అక్షరం లేదని పట్టపగలు మిట్టమధ్యాహ్నం చూసి తేల్చకూడదు. అరిగిపోయిన అక్షరం నడినెత్తి ఎండలో కనబడదు. సాయంత్రం ఏటవాలు వెలుతురులో చూడాలి, లేదా చీకటి పడినాక టార్చిలైటు పక్కనుంచి వెయ్యాలి. తడి కాగితం పరిచి బ్రష్షుతో తట్టి సిరా అద్ది అచ్చు తీస్తే ఖాళీగా కనబడిన రాతి మీద వరసలు లేచిన సందర్భాలున్నాయి. మీకు ఇది క్లాసులో నేర్పే ఉంటారు.

గుడిమల్లం పోయినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తుండదు. ఏర్పేడు దగ్గర, స్వర్ణముఖి పక్క. ఐదడుగుల లింగం మీద నిలబడిన శివుడు, కాళ్ల కింద మరుగుజ్జు యక్షుడు, ఒక చేత పొట్టేలు, భుజాన గొడ్డలి. గోపీనాథరావు గారు తన ప్రతిమా శాస్త్ర గ్రంథంలో దాన్ని లోకానికి చెప్పినాడు. 1973లో ఐ.కె. శర్మ గారి తవ్వకాల్లో కింద పాత కట్టడాల ఆనవాళ్లు దొరికినాయి. క్రీస్తుకు ముందుదని కొందరు, అంత పాతది కాదని కొందరు. వాదం నడుస్తా ఉంది, నడవనీ. నేను గమనించింది వేరే. కనుక్కున్నారని మనం అంటున్న ఆ లింగం ఆ ఊరివాళ్లకు ఎప్పుడూ పోలేదు. వాళ్లకు అది పరశురామేశ్వరుడు. నువ్వు పల్లెకు పోయినప్పుడు ‘ఇక్కడ శాసనముందా’ అని అడగొద్దు, లేదనే చెబుతారు. ఏ రాయికి పసుపు పూస్తారు, ఏ రాతి మీద గుడ్డలు ఉతకొద్దని మీ అత్త చెప్పింది, ఏ బండ కింద దెయ్యముంది అని ముసలవ్వల్ని అడుగు. గంట కూర్చో, ఇచ్చిన మజ్జిగ తాగు. మళ్లీ పో. రెండోసారి పోయినవాళ్లకు చెప్పే మాట వేరేగా ఉంటుంది.

నీ స్నేహితుడి మీద ఉక్రోషం వదిలెయ్యి. వాడి రాయి ఫోటో ఫోన్లలో తిరుగుతా ఉందంట గానీ, ఇంకా ఎవరూ అచ్చు తీసి చదవలేదని నువ్వే చెప్పినావు. అంటే వాడికి ఇంకా ఏమీ దొరకలేదు, తలుపు తెరుచుకుంది, అంతే. కుదిరితే వాడితోపాటు పోయి ఆ రాయి చదవడంలో చెయ్యి వెయ్యి. పేరు వాడిదే ఉండనీ.

నీ పుస్తకంలో ‘ఏమీ లేదు’ అన్నచోటల్లా ఆ మాట కొట్టేసి, అక్కడ కనబడింది ఏమిటో రాయి. మెట్టు ఉంటే మెట్టు, సున్నం ఉంటే సున్నం. తమిళం రాదని సాకు చెప్పొద్దు, మీ యూనివర్సిటీలోనే తమిళ శాఖ ఉంది, పోయి అడుగు. వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పుత్తూరు రా, నేనూ అక్కడికి వస్తాను. మొదట ఆ చెరువుకట్ట బొమ్మరాయి దగ్గరికి పోదాం. టార్చిలైటు నేను తెస్తా, కాగితం, బ్రష్షు నువ్వు తీసుకురా.

మీ తాత